శిస్తు సుల్తానుది, గుడి రాముడిది.. మరి గోపన్న చేసింది రైటేనా?

చిన్నప్పుడు భక్త రామదాసు కథలో విలన్ ఎవరో ఈజీగా తెలిసిపోయేది. తానీషానే. గుడి కట్టినవాణ్ణి జైల్లో వేశాడు కదా! మొన్న ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్తూ అడవిని చూస్తుంటే అదే కథ గుర్తొచ్చింది. ఈసారి అంత ఈజీగా అనిపించలేదు.

ఈ దారంతా ఆయన ఉద్యోగం చేసిన ఏరియానే. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్‌షా, అంటే మన తానీషా తరఫున శిస్తు వసూలు చేసి ఖజానాకు పంపడం డ్యూటీ. ఆ పోస్టు ఇప్పించింది మేనమామలు అక్కన్న, మాదన్నలు. మాదన్న అప్పుడు గోల్కొండ ప్రధాని.

భద్రగిరి మీద పోకల దమ్మక్క అనే ఆదివాసీ భక్తురాలు ఆకుల పందిరి కింద రాముణ్ణి కొలిచేదని స్థలపురాణం. అక్కడ గుడి కట్టాలనుకున్నాడు గోపన్న. చందాలు చాల్లేదు. వసూలైన శిస్తు తీసి కట్టేశాడు. ఆరు లక్షల వరహాలని జనం చెప్పుకునే లెక్క.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. కంపెనీ సర్వర్లకు నా దగ్గర యాక్సెస్ ఉంటుంది. యాక్సెస్ ఉన్నంత మాత్రాన అవి నావైపోవు. గోపన్న చేతిలో ఉన్నదీ అలాంటి యాక్సెస్సే. పైగా అది రైతు కట్టిన సొమ్ము. మంచి పనికే వాడాడు, కానీ అడక్కుండా వాడాడు.

నాకు ఇంకా కష్టంగా అనిపించింది మాదన్న పరిస్థితి. మేనల్లుడు పన్నెండేళ్ళు గోల్కొండ ఖైదులో ఉన్నాడంటారు. వదిలేయమంటే ‘మీవాడనేగా’ అంటారు. ఊరుకుంటే అక్కకు ముఖం ఎలా చూపిస్తాడు? ఒక హిందువు చేతిలో ఇంత అధికారమా అని ఔరంగజేబు అప్పటికే మండిపడుతున్నాడు. చివరికి 1686లో అన్నదమ్ములిద్దరినీ గోల్కొండలో చంపేశారు. మరుసటి ఏడాది గోల్కొండే మొగలుల పాలైంది.

కథలో మాత్రం రామలక్ష్మణులే వచ్చి తానీషాకు బాకీ కట్టి గోపన్నను విడిపిస్తారు. గమనించారా? దేవుడు కూడా ‘బాకీ లేదు’ అనలేదు, కట్టాడు! రామదాసు కూడా ఏ నగకు ఎంత ఖర్చయిందో రాముడికే లెక్క చెబుతూ కీర్తన రాశాడు. ఖైదులో ఉన్నా తహసీల్దారు తహసీల్దారే.

ఇప్పటికీ సీతారాముల కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వెళ్తాయి. ఆ ఆచారం తానీషా మొదలుపెట్టిందే అంటారు. జైల్లో వేసిన సుల్తాను పేరు పెళ్ళిపందిట్లో ఇంకా వినిపిస్తోందంటే, మన పెద్దలు ఆయన్ని ఉత్త విలన్‌గా చూడలేదనే కదా!

గోపన్న రైటా, రాంగా? గుడిలో దండం పెట్టుకున్నప్పుడు రైటే అనిపించింది. తిరిగొస్తూ పాల్వంచ దాటేటప్పుడు మళ్ళీ డౌటొచ్చింది. మీరేమంటారు?