స్కానింగ్ లేకున్నా.. తేలనున్న కాంతి లెక్క
మెదడు పరీక్షకు అక్కరకొస్తున్న ‘నమూనా తల’

ఎమ్మారై యంత్రంలో కదలకుండా పడుకోలేని పసికందు మెదడు పనితీరును తెలుసుకునేందుకు ఒక మార్గం ఉంది. తలకు తేలికపాటి టోపీ తొడిగి, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని లోనికి పంపుతారు. అయితే ఆ కాంతి మెదడులో ఏ భాగాన్ని ఎంత మేరకు తాకిందో తేలనిదే ఫలితం అక్కరకు రాదు. ప్రతి ఒక్కరికీ స్కానింగ్ తీయకుండానే ఈ లెక్క కట్టే విధానాలను శాస్త్రవేత్తలు అభివృద్ధి చేశారు.

పనిచేసేదిలా..
రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు ఉన్నప్పుడు ఒక విధంగా, లేనప్పుడు మరో విధంగా కాంతిని పీల్చుకుంటుంది. ఈ తేడా ఆధారంగా మెదడులోని ప్రాణవాయువు స్థితిని బయటి నుంచే గమనించవచ్చని 1977లో ఫ్రాన్స్ యోబ్సిస్ వెల్లడించారు. పెద్దల తలపై కాంతిని పంపే చోటుకు, అందుకునే చోటుకు మధ్య సుమారు 3 సెంటీమీటర్ల ఎడం ఉంచుతారు. కాంతి అరటిపండులా వంపు తిరిగి మెదడు పైపొరను తాకి వెలుపలికి వస్తుంది.

చిక్కు ఎక్కడ?
చర్మం, పుర్రె మందం అందరికీ ఒకేలా ఉండవు. పుర్రె మందంగా ఉన్నచోట మెదడును చేరే కాంతి తగ్గుతుంది. దీన్ని లెక్కలోకి తీసుకోకుంటే చురుకైన మెదడు సైతం మందకొడిగా ఉన్నట్లు పొరబడే ప్రమాదముంది.

కొలతలతో పరిష్కారం
ఇందుకోసం ముందే సిద్ధం చేసిన మెదడు పటాలను వాడుతున్నారు. ఒకే వ్యక్తిని 27 సార్లు స్కాన్ చేసి రూపొందించిన పటం ఒకటి కాగా, 152 మంది సగటుతో తయారైనది మరొకటి. ముక్కు మొదలు, తల వెనుక బొడిపె, చెవుల వద్ద గుర్తుల మధ్య దూరాలు కొలిచి నమూనా తలను ఆ మేరకు సరిచేస్తారు. తర్వాత కోట్లాది కాంతి కణాల ప్రయాణాన్ని కంప్యూటర్‌లో అనుకరించి, ఏ భాగం ఎంత స్పష్టంగా కనిపిస్తుందో అంచనా వేస్తారు.

మనవారికి మన పటం
నమూనా వయసుకు, జనసమూహానికి తగినదైతేనే అంచనా మెరుగవుతుంది. పసిపిల్లలకు పెద్దల నమూనా సరిపోదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 100 మంది స్కాన్లతో రూపొందించిన భారతీయ మెదడు పటం 2019లో వెలువడింది. పాశ్చాత్యులతో పోలిస్తే భారతీయుల మెదడు సగటు ఎత్తు, వెడల్పు తక్కువని అందులో తేలింది. అయితే కాంతి లెక్కకు పుర్రె, చర్మం పొరల వివరాలూ తోడు కావాలి.

నమూనా ఎంత చక్కనిదైనా అది సగటే. తలకు గాయమైనవారికి, మెదడులో కణితి ఉన్నవారికి సొంత స్కానింగే శరణ్యం.