పొగగొట్టమునకు కొలబద్ద

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని చెల్పూరు కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము వలన పేరొందినది. ఇందు 500 మెగావాట్ల యూనిట్ 2010లోను, 600 మెగావాట్ల యూనిట్ 2016లోను ఉత్పత్తి ప్రారంభించినవి. సమీపమందే సింగరేణి బొగ్గు గనులు కలవు. మన యిండ్లలో దీపము వెలుగుటకును, రేడియో పలుకుటకును ఇట్టి కేంద్రములే ఆధారము. అయినను చుట్టుపట్ల గ్రామములవారు అడుగదగిన ప్రశ్న యొకటి కలదు: ఈ గొట్టము మా గాలిలోనికి విడుచునది ఎంత?

పొగ రంగును చూచి దీనికి సమాధానము చెప్పలేము. బొగ్గులోని గంధకము మండగా పుట్టు సల్ఫర్ డయాక్సైడు కంటికి కానరాదు. ఊపిరితిత్తుల లోతులకు చేరు మిక్కిలి సన్నని ధూళికణమును విడిగా చూడలేము. కావున కొలతయే సాక్ష్యము.

మొదట లెక్క యెంతటిదో చూతము. 500 మెగావాట్ల యూనిట్ గంటకు 350 టన్నుల బొగ్గు కాల్చుననియు, ఆ బొగ్గులో నూటికి 35 పాళ్లు బూడిద యనియు అనుకొందము. బూడిద 122 టన్నులకు పైబడును. అందు నూటికి 80 పాళ్లు పొగతో లేచినచో అది సుమారు 98 టన్నులు. గొట్టమునకు ముందుండు ఎలెక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటరను యంత్రము ధూళికి విద్యుదావేశము కల్పించి లోహపు పలకలకు అంటుకొనునట్లు చేయును. అది వేయింట 999 పాళ్లు పట్టినను గంటకు 98 కిలోలు బయటికి పోవును. నూటికి 99 పాళ్లు మాత్రమే పట్టినచో 980 కిలోలు పోవును. వినుటకు రెండును గొప్పగనే యుండును. వెలువడు దుమ్ము మాత్రము పదింతలు.

ఇక కొలుచు విధము. గొట్టమునకు ఎత్తున రంధ్రములును, నిలుచుటకు వేదికయు అమర్తురు. ముందుగా పిటో గొట్టముతో పొగ వేగము కనుగొందురు. హెన్రీ పిటో అను ఫ్రెంచి ఇంజనీరు 1732లో సెయిన్ నదీ ప్రవాహమును కొలుచుటకు కల్పించిన సాధనమిది. పిమ్మట సన్నని నాళముతో, సరిగా అదే వేగమున, పొగను పీల్తురు. నెమ్మదిగా పీల్చినచో వాయువు ప్రక్కకు తొలగిపోవును గాని బరువైన కణములు తమ జోరున లోనికి చొచ్చును; లెక్క పెరుగును. త్వరగా పీల్చినచో లెక్క తగ్గును. నాళములోని వడపోత గిన్నెను ముందు, వెనుక తూచినచో ధూళి బరువు తెలియును. దానిని 25 డిగ్రీల వేడిమి, 760 మిల్లీమీటర్ల పాదరస పీడనము గల పొడి వాయువు ఘనపు మీటరునకు లెక్కింతురు. పొగలో గాలి కలిసి అంకె పలుచబడకుండుటకై నూటికి 6 పాళ్ల ఆక్సిజన్‌కు సరిచేయుదురు.

2015 డిసెంబరు 7న కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నియమముల ప్రకారము, 2004 మొదలు 2016 వరకు నెలకొల్పిన యూనిట్లకు ధూళి పరిమితి ఘనపు మీటరునకు 50 మిల్లీగ్రాములు.

అయితే చేతి కొలత కొలది గంటలదే. ఏడాదికి గంటలు 8,760. అందుచేత 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 తరగతుల పరిశ్రమలలో ఎడతెగక కొలుచు యంత్రములు పెట్టవలెనని ఆదేశించినది. వీనిలో కొన్ని గొట్టమునకు అడ్డముగా కాంతి కిరణమును ప్రసరింపజేసి, తగ్గిన వెలుగును బట్టి ధూళిని అంచనా కట్టును. ఆ అంకెలు మండలికి చేరును. కాని యంత్రమును చేతి కొలతతో అప్పుడప్పుడు సరిచూడకున్నచో అది క్రమముగా తప్పుదారి పట్టును.

గొట్టములోని కొలత ఒక్కటే చాలదు. గ్రామమున పీల్చు గాలిలో బూడిద చెరువుల దుమ్ము, బొగ్గు లారీల దుమ్ము, పొయ్యి పొగయు కలియును. 2009 నాటి జాతీయ ప్రమాణములు 24 గంటల సగటున 2.5 మైక్రాన్లలోపు ధూళికి ఘనపు మీటరునకు 60 మైక్రోగ్రాముల హద్దు విధించినవి. ఊరిలోని కొలత మనము పీల్చునది తెలుపును. గొట్టములోని కొలత అందు ఆ కేంద్రము వంతు ఎంతో కనుగొనుటకు ఆధారమగును.

ఇకపై ఎవరైనను ఒక అంకె చెప్పి నిశ్చింతగా నుండుడనినచో మూడు మాటలు అడుగవలెను. కొలిచిననాడు యూనిట్ ఎంత శక్తితో నడిచినది? ఆక్సిజన్ సవరణ చేసిరా? యంత్రము పలుకని గంటలు ఎన్ని? ఈ మూటికి జవాబు దొరికిననాడే ఆ అంకెను నమ్మదగును.