డాక్ ఎడిషన్‌లో గెలిచిన అభ్యర్థి

1948 నవంబర్ 4న అమెరికాలోని సెయింట్ లూయిస్ స్టేషన్లో ఒక రైలు ఆగింది. చివరి పెట్టె వెనక వసారాలో నిలబడ్డ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ చేతికి ముందురోజు పేపరు ఒకటి అందింది. ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ జనానికి చూపించాడు. 'ట్రూమన్‌పై డ్యూయీ గెలుపు' అని పేజీ పొడుగునా బ్యానర్. ఆ పేపరు షికాగో డైలీ ట్రిబ్యూన్. అధ్యక్ష ఎన్నికల్లో గెలిచింది మాత్రం ప్రత్యర్థి డ్యూయీ కాదు, ట్రూమనే.

పాత హెడ్డింగుల ముచ్చట ఎక్కడ వచ్చినా ముందు ఈ ఫొటోయే బయటికి వస్తుంది. చూసి నవ్వుకుని పక్కన పెట్టేస్తే దానికి అన్యాయం చేసినట్టే. ఆ రాత్రి ఆ పేపరాఫీసులో ఏం జరిగిందో తెలుసుకుంటే నవ్వు ఇంకా పెరుగుతుంది, ఆ డెస్కు మీదున్న వాళ్లంటే జాలీ వేస్తుంది.

షికాగో పేపర్లలో కంపోజింగ్ కార్మికులు అప్పటికి ఏడాదిగా సమ్మెలో ఉన్నారు. లైనోటైప్ యంత్రాలు నడిపేవాళ్లు లేరు. అందుకని వార్తల్ని టైపు మిషన్ల మీద కొట్టి, ఆ కాగితాల్ని పేజీ లెక్కన అతికించి, ఫొటో తీసి, ప్లేట్లు చేసి అచ్చు వేస్తున్నారు. దీంతో మామూలు రోజులకన్నా కొన్ని గంటల ముందే మొదటి ఎడిషన్ పేజీలు వదలాల్సి వచ్చేది. ఎన్నికల రాత్రి ఆ వేళకి తూర్పు రాష్ట్రాల లెక్కింపే సరిగ్గా తేలలేదు, పడమటి రాష్ట్రాల సంగతి సరేసరి. అప్పుడు మేనేజింగ్ ఎడిటర్ జె. లాయ్ మలోనీ తమ వాషింగ్టన్ విలేకరి ఆర్థర్ సియర్స్ హెనింగ్ మాట మీద ఆధారపడ్డాడు. హెనింగ్ ఆషామాషీ మనిషి కాదు. 20 ఏళ్లలో ఐదు అధ్యక్ష ఎన్నికలు జరిగితే నాలుగింటి ఫలితం ముందే సరిగ్గా చెప్పినవాడు. పైగా సర్వేలన్నీ డ్యూయీదే గెలుపని చెబుతున్నాయి. ఆయన డ్యూయీ అన్నాడు, వీళ్లు బ్యానర్ పెట్టేశారు.

తప్పు తెలిసి హెడ్డింగు మార్చేలోగా దాదాపు లక్షా యాభై వేల కాపీలు అచ్చయిపోయాయి. ఆ మొదటి పేజీని దగ్గరగా చూస్తే ఇంకో విశేషం కనిపిస్తుంది. ప్రధాన వార్తలో కొన్ని లైన్లు తలకిందులుగా అంటించి ఉంటాయి. బ్యానర్ పుట్టించిన నవ్వులో వాటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. నా మటుకు నాకు ఆ రాత్రి ఎంత హడావుడి పడ్డారో బ్యానర్ కన్నా ఆ తలకిందుల లైన్లే బాగా చెబుతాయి. తెల్లారి లెక్క తేలేసరికి ఎలక్టోరల్ ఓట్లు ట్రూమన్‌కి 303, డ్యూయీకి 189. ఆ ఎన్నికల 25వ వార్షికోత్సవానికి ఆ మొదటి పేజీనే ఫలకంగా చేయించి ట్రూమన్‌కి బహూకరించాలని ట్రిబ్యూన్ వాళ్లు అనుకున్నారు. తమ పరువు తీసిన పేజీని తామే ముచ్చటగా కానుకివ్వాలనుకోవడం పెద్దమనసు. కానీ అది రాకముందే, 1972 డిసెంబర్‌లో, ట్రూమన్ కన్నుమూశాడు.

మన డెస్కులకీ ఈ అవస్థ కొత్త కాదు. అన్నిటికన్నా ముందు అచ్చయి, దూరపు ఊళ్లకు బస్సెక్కేది డాక్ ఎడిషన్. నేను సబ్ ఎడిటర్‌గా చేసిన రోజుల్లో ఓట్లన్నీ బ్యాలెట్ పేపర్లే, అర్ధరాత్రి దాటినా లెక్కింపు తేలేది కాదు. ఒక పక్క టెలిప్రింటర్ టకటకలాడుతుంటే ఇంకో పక్క ఫోర్‌మన్ వచ్చి 'పేజీ వదలండి సార్, బండి వెళ్లిపోతుంది' అని నెత్తిన నిలబడేవాడు. అలాంటప్పుడు మమ్మల్ని గట్టెక్కించింది 'ముందంజ'. 'ముందంజలో ఫలానా' అని పెట్టేస్తే తెల్లారి ఆయన డిపాజిట్ పోగొట్టుకున్నా మేం అబద్ధం రాసినట్టు కాదు. అలా ఒకే తేదీ పేపర్లో ఒకే అభ్యర్థి దూరపు జిల్లాల్లో ముందంజలో ఉండేవాడు, మేమున్న విజయవాడలో ఓడిపోయి ఉండేవాడు. షికాగో వాళ్లూ ఆ రాత్రి 'డ్యూయీ ముందంజ' అని సరిపెట్టుకుని ఉంటే ట్రూమన్‌కి ఆ ఫొటో దక్కేది కాదు.

అన్ని తప్పులకీ నవ్వలేం. 1912 ఏప్రిల్ 15న న్యూయార్క్ ఈవెనింగ్ సన్ 'ఢీకొన్న టైటానిక్: అందరూ క్షేమం' అని బ్యానర్ పెట్టింది. వైర్‌లెస్ సందేశాలు ఒకదాంతో ఒకటి కలిసిపోయి వచ్చిన పొరపాటది. అప్పటికే ఓడ మునిగిపోయింది, పదిహేను వందల మందికి పైగా పోయారు.

తొందరలో జరిగిన తప్పుని నేను క్షమిస్తాను. తీరిగ్గా కూర్చుని, తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పిన హెడ్డింగు దగ్గరే నాకు పేచీ. 1903 అక్టోబర్ 9న న్యూయార్క్ టైమ్స్ 'ఎగరని ఎగిరే యంత్రాలు' అని సంపాదకీయం రాసింది. దానికి రెండు రోజుల ముందే లాంగ్లీ అనే శాస్త్రవేత్త చేసిన విమానం పొటోమాక్ నదిలో పడింది. మనిషి ఎగరాలంటే పది లక్షల నుంచి కోటి ఏళ్లు పట్టొచ్చని ఆ సంపాదకీయం లెక్క కట్టింది. పట్టింది 69 రోజులు. డిసెంబర్ 17న రైట్ సోదరులు ఎగిరారు.

అదే పేపరు 1919 నవంబర్ 10న పెట్టిన హెడ్డింగు మాత్రం నాకు అన్నిటికన్నా ప్రాణం. ఆ ఏడాది మే 29 నాటి సూర్యగ్రహణంలో ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ బృందాలు తీసిన ఫొటోలను పరిశీలిస్తే, సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రకాంతి ఐన్‌స్టీన్ చెప్పినట్టే వంగిందని తేలింది. లండన్ నుంచి ఈ వార్త పంపిన హెన్రీ క్రౌచ్ మామూలుగా గోల్ఫ్ ఆటల విలేకరి! 'ఆకాశంలో దీపాలన్నీ వంకర' అన్నది పెద్ద హెడ్డింగు. దాని కింద వరసగా ఉపశీర్షికలు. నక్షత్రాలు కనిపించిన చోట లేవట, లెక్కేసిన చోటా లేవట, అయినా ఎవరూ కంగారు పడనక్కర్లేదట. పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు విప్పిన మనిషికి విశ్వమంతా తారుమారైందని చెప్పి, వెంటనే ధైర్యం కూడా చెప్పిన ఆ సబ్ ఎడిటర్ ఎవరో గానీ, చెయ్యెత్తి దండం పెట్టాలి.

ఆ హెడ్డింగులోనే ఒక అతి కూడా ఉంది. ఐన్‌స్టీన్ పుస్తకం ప్రపంచం మొత్తం మీద పన్నెండుమంది మేధావులకే అర్థమవుతుందని ఆయనే అన్నాడని రాశారు. ఆ మాట నిజం కాదని ఐన్‌స్టీన్ తర్వాత చెప్పినా ఆ పన్నెండు అంకె మాత్రం జనం నోళ్లలో నిలిచిపోయింది. ఆ మరుసటి ఏడాదే, 1920లో, కలకత్తా విశ్వవిద్యాలయం సాపేక్షతా సిద్ధాంత పత్రాల ఇంగ్లీషు అనువాదాన్ని పుస్తకంగా వేసింది. అనువాదకులు మేఘనాద్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్, ఇద్దరూ ఇరవై ఆరేళ్ల కుర్రాళ్లు. ముందుమాట రాసింది గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్. పన్నెండుమందిలో ముగ్గురు కలకత్తాలోనే దొరికారన్నమాట. ఈ వార్త నా డెస్కుకి వచ్చి ఉంటే, మొదటి పేజీలో నాలుగు కాలాల హెడ్డింగు పెట్టేవాణ్ణి.