కొండ కడుపున సీసము

ఒక కొండలో లోహమున్నదని తెలిసినంతమాత్రమున అచ్చట గని వెలయదు. ఆ లోహమెంత కలదు? ఎంత లోతున కలదు? దానిని వెలికి తీయుటకగు వ్యయమెంత? ఈ మూడు ప్రశ్నలకును తగిన సమాధానములు దొరకవలెను. శిలలలో సహజముగా ఏర్పడిన పదార్థమును ఖనిజమందురు. ఏ ఖనిజమునుండి లోహమును లాభకరముగా తీయవచ్చునో దానిని ధాతువందురు. కావున ప్రతి ధాతువును ఖనిజమే. ప్రతి ఖనిజమును ధాతువు కాదు.

ఏ శిల ఎట్లు పుట్టినదో దానినిబట్టి అందలి సంపద యుండును. పూర్వపు వరంగల్లు జిల్లానుండి 2016లో ఏర్పడిన మూడు జిల్లాలను చూడుడు. జనగామ ప్రాంతమున అతిప్రాచీనములైన గ్రానైటు గుట్టలు కలవు. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమున ఇనుప ఖనిజము కలదు. భూపాలపల్లిలో, పూర్వకాలపు వృక్షములు పూడిపోయిన పొరలయందు, బొగ్గు దొరకుచున్నది. సీసము, జింకు అను లోహములు పెక్కుచోట్ల మరియొక విధమగు శిలను ఆశ్రయించి యుండును. ప్రాచీన సముద్రముల అడుగున పేరుకొన్న సున్నపురాయియు, డోలమైటును అట్టివి.

తెలుగుదేశమున ఇట్టి సముద్రశిలలను శ్రద్ధతో పరిశీలించినవారిలో విలియం కింగు ముఖ్యుడు. యిల్లెందు సమీపమున 1871లో బొగ్గును కనుగొన్నవాడితడే. పాకాల చెరువు పేరిట ఆ ప్రాంతపు శిలలకు పాకాల శ్రేణియని పేరిడినవాడును ఇతడే. కడప, కర్నూలు శిలలను గూర్చి ఇతడు వ్రాసిన గ్రంథము 1872లో వెలువడెను. ఆ కడప శిలల వయస్సు నూరుకోట్ల సంవత్సరములకు పైబడినది. పల్నాడు జిల్లాలో, వినుకొండ ప్రాంతమున నున్న అగ్నిగుండాల నిక్షేపములు ఆ శిలలలోనివే. అచ్చట బండలమోటు కొండలో సీసమును, నల్లకొండ, ధూకొండలలో రాగియు కలవు.

డోలమైటులోనికి సీసమెట్లు చేరును? భూమిలోతున వేడెక్కిన ఉప్పునీరు శిలల పగుళ్ళవెంట సాగుచు, స్వల్పమాత్రములైన లోహములను కరగించుకొని పోవును. గంధకముతో కూడినచోట ఆ లోహములు నీటిలో నిలువజాలక శిలాసంధులలో గట్టిపడును. అట్లేర్పడిన సీసపు ఖనిజమే గెలీనా. ఇది బూడిదవన్నెతో తళతళలాడును. పగులగొట్టినచో చిన్నచిన్న ఘనములుగా విడును. దీని బరువు సమాన పరిమాణముగల నీటికి ఏడున్నర రెట్లు. గ్రానైటు బరువు మూడు రెట్లయినను లేదు. శుద్ధమైన గెలీనాలో నూటికి 86 పాళ్ళు సీసముండును. జింకు ఖనిజమగు స్ఫాలరైటు తరచుగా దీని చెంతనే యుండును. వెండియో, గెలీనాలో కంటికి కానరాక దాగియుండును. దానిని టన్నుకిన్ని గ్రాములని లెక్కింతురు.

ఇట్టి చోట్లను వెదకువారికి పూర్వులు త్రవ్వి విడిచిన గుంటలే తొలి గురుతులు. అగ్నిగుండాలలో అట్టివి కలవు. కాని గుంట కనబడినంతనే పని ముగియదు. మట్టిని పరీక్షింపవలెను. వజ్రపు మొనలుగల యంత్రములతో లోతుగా తొలిచి, స్తంభములవంటి రాతిముక్కలను పైకి తీసి, ప్రతి ముక్కయందును లోహమెంత యున్నదో కొలువవలెను. ఈ కొలతయే ఖనిజమునకు ధాతువను పేరు తెచ్చును.

బండలమోటు అట్లు పరీక్షకు నిలిచినది. 1966లో స్థాపింపబడిన హిందూస్థాన్ జింక్ సంస్థ అచ్చట సీసపు గనిని నడపెను. నేడా గని పనిచేయుట లేదు. రాజస్థానమున 1977లో కనుగొనబడిన రాంపురా అగూచాలోని జింకు నిక్షేపమువంటి గొప్ప నిక్షేపములు బహు అరుదు. చిన్న నిక్షేపమునకు ధర తగ్గినను, లోతు పెరిగినను కష్టమే. నిన్నటి ధాతువు నేడు వట్టి ఖనిజము కావచ్చును. ధర హెచ్చినచో మరల ధాతువు కావచ్చును.

ఈ లెక్కలో రూపాయలే గాక మరియొకటియు చేరవలెను. సీసము విషపదార్థము. దాని ధూళి గాలిలోను, నీటిలోను కలిసినచో మనుష్యులకు, ముఖ్యముగా శిశువులకు, హాని కలుగును. కావున గనిచెంత గుట్టలుగా పడు వ్యర్థమును భద్రపరచు వ్యయమును గూడ ముందే గణింపవలెను. కొండలోని సీసము ఒకసారి తీసిన మరల పెరుగదు. కాని పాత బ్యాటరీలలోని సీసమును జాగ్రత్తతో కరగించి మరల మరల వాడుకొనవచ్చును. నేడు లోకమున వాడుకలోనున్న సీసములో అధికభాగమిట్లు వచ్చుచున్నదే.