64 కోర్‌ల చిప్ మీద లినక్స్ బూట్ అయితే పనైపోయినట్టేనా?

కొత్త ఫోన్ లాంచ్ అవగానే స్పెక్ షీట్‌లో మన కళ్లు ముందు వెతికేది కోర్‌ల సంఖ్య. 8 కోర్‌లంటే 4 కోర్‌లకి రెట్టింపు స్పీడ్ రావాలి కదా? రాదని రివ్యూలు చదివేవాళ్లందరికీ తెలుసు. మరి ఎందుకు రాదు? సగం జవాబు చిప్‌లో ఉంటే, మిగతా సగం ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంది. ఆండ్రాయిడ్ అడుగున నడిచేది లినక్స్ కెర్నలే. కాబట్టి పదుల కొద్దీ కోర్‌లున్న చిప్‌ల మీదకి లినక్స్‌ని ఎలా తీసుకెళ్లారో చూస్తే అసలు కిటుకు అర్థమవుతుంది.

మొదటి మెట్టు: ముందు బూట్ అవ్వాలి

టైలెరా అనే అమెరికన్ కంపెనీ 2007లో టైల్64 అనే చిప్ తెచ్చింది. చదరంగం బోర్డులా 8 వరుసలు, వరుసకి 8 గళ్లు. ప్రతి గడిలో ఒక కోర్, దాని క్యాష్, పక్క గళ్లతో మాట్లాడే ఒక స్విచ్. ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఇంటెల్‌దీ కాదు, ఆర్మ్‌దీ కాదు, పూర్తిగా సొంతది.

ఇలాంటి చిప్‌కి లినక్స్ పోర్ట్ చేయాలంటే కెర్నల్ మొత్తం మళ్లీ రాయక్కర్లేదు. ఫైల్ సిస్టమ్స్, నెట్‌వర్కింగ్, షెడ్యూలర్ లాంటివి దాదాపు అన్నీ సీ భాషలోనే ఉంటాయి. ఆ చిప్‌కి కంపైలర్ ఉంటే చాలు. కొత్తగా రాయాల్సింది బూట్ కోడ్, ఇంటరప్ట్‌లు, పేజ్ టేబుల్స్, ఒక టాస్క్ ఆపి ఇంకో టాస్క్ ఎత్తుకునే కోడ్, అటామిక్ ఆపరేషన్లు. ఇవన్నీ కెర్నల్ సోర్స్‌లో 'ఆర్చ్' అనే ఫోల్డర్‌లో ఉంటాయి. 2010లో వచ్చిన 2.6.36 వెర్షన్‌తో టైల్ కూడా అందులో చేరింది.

కోర్‌లు పెరిగేకొద్దీ ఎక్కువ ఏడిపించేది ఆ చివరి ఐటమే. మెమరీలో ఒక నంబర్‌ని చదివి, మార్చి, తిరిగి రాసేలోపు ఇంకో కోర్ వేలు పెట్టకుండా చూసేదే అటామిక్ ఆపరేషన్. టైలెరా 32-బిట్ చిప్‌లు దీనికి ఇచ్చింది ఒకే ఒక్క టెస్ట్-అండ్-సెట్ ఇన్‌స్ట్రక్షన్. మిగతావన్నీ కెర్నల్‌లో లాక్‌ల టేబుల్ ఒకటి పెట్టుకుని సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొచ్చారు. తర్వాత వచ్చిన 64-బిట్ టైల్-జీఎక్స్‌లో ఈ పని హార్డ్‌వేరే చేసింది.

రెండో మెట్టు: ఒకరికొకరు అడ్డు రాకూడదు

బూట్ అయింది సరే, 64 కోర్‌లూ నిజంగా పని చేస్తున్నాయా? లేక 63 కోర్‌లు క్యూలో నిలబడ్డాయా?

1996లో వచ్చిన లినక్స్ 2.0 మొదటిసారి ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లని సపోర్ట్ చేసింది. కానీ కెర్నల్ మొత్తానికీ ఒకటే తాళం, పేరు బిగ్ కెర్నల్ లాక్. ఒక ప్రాసెసర్ లోపల ఉంటే మిగతావి బయట ఆగాల్సిందే. ఆ ఒక్క తాళాన్ని చిన్న చిన్న తాళాలుగా విడగొడుతూ, పూర్తిగా తీసేసేసరికి 2011 వచ్చింది. అంటే 15 ఏళ్లు పట్టింది!

చిన్న తాళాలతో కూడా చిక్కే. 2010లో ఎంఐటీ రీసెర్చర్లు 48 కోర్‌ల ఏఎండీ మెషీన్ మీద 7 అప్లికేషన్లు నడిపి చూశారు. కోడ్ కంపైల్ చేసే జీమేక్ తప్ప మిగతా ఆరూ కెర్నల్‌లో ఎక్కడో ఒకచోట ఇరుక్కున్నాయి. ఉదాహరణకి ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వర్ ఫైల్ ఓపెన్ చేసిన ప్రతిసారీ కెర్నల్ మౌంట్ టేబుల్ చూడాలి. ఆ టేబుల్‌కి ఉన్నది ఒకటే లాక్.

హాస్టల్ మెస్ గుమ్మంలో ఒకటే రిజిస్టర్ ఉందనుకోండి. లోపల వడ్డించేవాళ్లు ఎంతమంది ఉన్నా, సంతకం దగ్గర లైన్ కదలదు. అంతస్తుకో రిజిస్టర్ పెడితే లైనే ఉండదు. ఎంఐటీ వాళ్లు చేసింది కూడా అదే: కోర్‌కో సొంత మౌంట్ క్యాష్ ఇచ్చారు. అన్ని కోర్‌లూ కలిసి పెంచే కౌంటర్లని కూడా కోర్‌ల వారీగా పంచారు. ఇలాంటి సవరణలన్నీ కలిపి కెర్నల్‌లో మార్చింది 3,002 లైన్లే.

ఇంత చిన్న విషయానికి అంత తేడా ఎందుకంటే, 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన లెక్క ఒకటుంది. పనిలో 5 శాతం మాత్రం ఒకరి తర్వాత ఒకరు చేయాల్సినదైతే, 64 కోర్‌లు పెట్టినా స్పీడ్ పెరిగేది దాదాపు 15 రెట్లే. వెయ్యి కోర్‌లు పెట్టినా 20 రెట్లు దాటదు.

మూడో మెట్టు: ఎవరో ఒకరు చూసుకోవాలి

టైలెరాని 2014లో ఈజీచిప్ కొనేసింది, ఈజీచిప్‌ని 2016లో మెల్లనాక్స్ కొనేసింది. కొత్త చిప్‌లు ఆర్మ్ వైపు వెళ్లిపోయాయి. లినక్స్ లోపలి కోడ్ ఎప్పుడూ మారుతూనే ఉంటుంది, దానికి తగ్గట్టు ప్రతి ఆర్కిటెక్చర్ కోడ్‌నీ ఎవరో ఒకరు సర్దుతూ ఉండాలి. టైల్‌కి ఆ మనుషులు మిగల్లేదు. 2018లో 4.17 వెర్షన్‌లో మరో ఏడు ఆర్కిటెక్చర్లతో పాటు దాన్నీ తీసేశారు. ఓపెన్ సోర్స్ కాబట్టి పాత కోడ్ ఎప్పటికీ దొరుకుతుంది. కానీ దొరకడం వేరు, బతికి ఉండటం వేరు.

పోయింది టైల్ ఫోల్డరే. 'ఎవరి కోర్ డేటా వాళ్ల దగ్గరే' అనే పద్ధతి మాత్రం కెర్నల్ ఉమ్మడి కోడ్‌లో ఉంది, మీ ఫోన్‌లోనూ నడుస్తోంది.

నమ్మకం కుదరకపోతే మీరే చూడండి. ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంటే ఏదైనా పెద్ద ప్రాజెక్ట్‌ని ముందు ఒక జాబ్‌తో, తర్వాత 2, 4, 8 జాబ్స్‌తో కంపైల్ చేసి టైమ్ రాసుకోండి. ప్రతిసారీ ముందు చేసిన బిల్డ్‌ని క్లీన్ చేయడం మాత్రం మర్చిపోవద్దు. టైమ్ సగానికి సగం తగ్గడం ఎక్కడ ఆగిందో, అక్కడినుంచి మీ కోర్‌లు దేనికోసమో ఎదురుచూస్తున్నట్టే. అది లాక్ కావచ్చు, మెమరీ కావచ్చు, డిస్క్ కావచ్చు. ఆ సంగతి ఏ స్పెక్ షీట్‌లోనూ రాయరు.