ఆటగాండ్ర నెన్నుకొనుట

కళాశాల ఫుట్‌బాల్ జట్టునకు పదునొక్కరు ఆటగాండ్రు కావలెను. ఉన్నత పాఠశాలలలో చురుకైన బాలురకు కొదువ లేదు. అయినను వారిని కనుగొని జట్టులో నిలుపుట సులభము కాదు.

భోగాపురము చెంత ముక్కాము వంటి సముద్రతీర గ్రామములు కలవు. ఇసుకపై పరుగెత్తు బాలుని కాళ్లలో ఎంత బలమున్నను, చూచువారు లేనిచో అది పల్లె దాటదు. చూచినవారు పిలిచినను ప్రయాణపు ఖర్చు, చాలీచాలని తిండి, చదువు చెడునను తలిదండ్రుల భయము అడ్డు నిలుచును. మొదటి పోటీలో మెరసినవాడెల్ల మేటి కాడు. కనుక ఎన్నువారు ఆటతోపాటు ఓర్పును కూడ పరీక్షింపవలెను.

హైదరాబాదునందు సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. పిదప భారత జట్టునకు శిక్షకుడయ్యెను. ఆయన సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడ యువకుడు తులసీదాస్ బలరాం ఆట చూచి, అభ్యాసమునకు రమ్మనెను. ఆ పేదవానికి సైకిలు అద్దెకైనను డబ్బు లేదు. రహీం ఆ సొమ్ము తానే యిచ్చెను. బలరాం 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆడెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన జట్టులో నొకడయ్యెను.

సైకిలు అద్దె కొద్దిపాటిదే. అది దొరకనిచో దేశమొక ఆటగానిని కోల్పోయెడిది. కావున కళాశాలలు ఆటగాండ్రను వెదకుటతో సరిపుచ్చక, వారి రాకపోకలకును, తిండికిని, చదువునకును ఏర్పాటు చేయవలెను.