పంపు పీకేస్తే ఇంజిన్ బతుకుతుందా?

విజయవాడ పటమటను ఆనుకుని 1960ల దశకంలో వెలసిన జవహర్ ఆటోనగర్ కృష్ణా డెల్టాలో తిరిగే బండ్లకు పెద్దాసుపత్రి లాంటిది. లారీ బాడీ దగ్గర్నుంచి మోపెడ్ పిస్టన్ దాకా అక్కడ బాగుపడతాయి. 2017 ఏప్రిల్‌లో బీఎస్ 4 నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త టూ స్ట్రోక్ ద్విచక్ర వాహనాలు దాదాపు కనుమరుగయ్యాయి. అయినా 1985లో వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 మీద కుర్రకారుకు మోజు తగ్గలేదు. పాత బండిని వెతికి కొని, బోరు చేయించి, రంగు వేయించి నడుపుకుంటున్నారు. ఆ సందడిలో చాలామంది చేయించే పని ఇంకొకటి ఉంది. బండితోపాటు వచ్చిన ఆయిల్ పంపును పీకేసి, టూ స్ట్రోక్ ఇంజిన్లకు వాడే 2టీ ఆయిల్‌ను నేరుగా పెట్రోల్ ట్యాంకులో కలుపుకోవడం. పంపు ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు, కలిపి పోస్తే నిశ్చింత అన్నది వారి వాదన. ఆ భయంలో నిజం ఉంది కానీ, దానికి వేసుకుంటున్న మందు తప్పు. రోడ్డు మీద తిరిగే బండికి సరిగా పనిచేసే పంపే మేలు. కలపక తప్పని యంత్రానికి కచ్చితమైన కొలతే రక్ష. ఈ రెండింటిలో దేన్ని మార్చినా కార్బొరేటర్‌ను మళ్లీ సరిచేయకపోతే మొదటికే మోసం వస్తుంది.

ఎందుకో తెలియాలంటే ఇంజిన్ లోపలికి చూడాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ అడుగున నిలవ ఉండి, భాగాలన్నీ తడిపి మళ్లీ కిందికి చేరుతుంది. టూ స్ట్రోక్‌లో ఆ వీలు లేదు. గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమం ముందు క్రాంక్ కేసులోకి వచ్చి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి వెళ్తుంది. అందుకే క్రాంక్ బేరింగులకూ, పిస్టన్‌కూ కావలసిన ఆయిల్ ఆ మిశ్రమంతోపాటే వచ్చి, పని ముగించుకుని కాలిపోవాలి. బజాజ్ చేతక్, రాజ్‌దూత్ 175, యెజ్డీ, టీవీఎస్ 50 వంటి బండ్లన్నిటికీ పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసేవారు. లీటరుకు 20 మిల్లీలీటర్లు కలిపితే 2 శాతం, 40 కలిపితే 4 శాతం. యమహా 1964లో వైఏ6 అనే బండితో దారి మార్చింది. ఆయిల్‌కు వేరే ట్యాంకు పెట్టి, ఇంజిన్‌తో తిరిగే చిన్న పంపును యాక్సిలరేటర్ కేబుల్‌కు తగిలించింది. దాని పేరు ఆటోలూబ్. మన ఆర్‌ఎక్స్ 100లోనూ, 1983లో ఎస్కార్ట్స్ తెచ్చిన రాజ్‌దూత్ 350లోనూ ఉన్నది ఈ ఏర్పాటే.

పంపు గొప్పతనం సౌకర్యంలో లేదు, లెక్కలో ఉంది. ఇంజిన్‌కు కావలసిన ఆయిల్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ కోసం ఆగి ఉన్న బండికి చాలా తక్కువ ఆయిల్ చాలు. అదే బండి ఇద్దరిని ఎక్కించుకుని బందరు రోడ్డు మీద ఫుల్ యాక్సిలరేటర్‌తో పరుగెడుతుంటే చాలా ఎక్కువ కావాలి. పంపు ఇంజిన్ వేగాన్నీ, యాక్సిలరేటర్ ఎంత తిప్పారన్న దాన్నీ బట్టి మోతాదు మారుస్తుంది. ట్యాంకులో కలిపిన ఆయిల్‌కు ఆ వివేచన లేదు. ఫుల్ యాక్సిలరేటర్‌కు సరిపడా కలిపితే సిగ్నల్ దగ్గర అది ఎక్కువై పొగ కక్కుతుంది, ప్లగ్ తడుస్తుంది, సైలెన్సర్‌లో మసి పేరుకుంటుంది. సిగ్నల్‌కు సరిపడా కలిపితే హైవే మీద పిస్టన్ పట్టేస్తుంది. ఇంతకన్నా ప్రమాదకరమైన సందర్భం వాలు. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మూసేస్తే చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతూనే ఉంటాయి, కార్బొరేటర్ మాత్రం పెట్రోల్‌ను దాదాపు ఆపేస్తుంది. కలిపిన ఆయిల్ పెట్రోల్‌తోనే వస్తుంది కనుక అదీ ఆగిపోతుంది. ఇంజిన్‌తో తిరిగే పంపు అప్పుడు కూడా కొద్దిగానైనా ఆయిల్ పంపుతూనే ఉంటుంది.

పంపు ఆగిపోతే ఇంజిన్ క్షణాల్లో పోదా, దానికి హెచ్చరిక కూడా ఉండదే అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే పంపు తనంతట తాను అరిగి ఆగిపోవడం అరుదు. ఆయిల్ ట్యాంకు ఖాళీ కావడం, ఖాళీ అయ్యాక తిరిగి నింపినప్పుడు గొట్టంలో గాలి బుడగ ఉండిపోవడం, కేబుల్ సాగి పంపు కప్పీ మీది గుర్తు తప్పడం, ముప్పై ఏళ్ల నాటి రబ్బరు గొట్టం బీటలు వారడం వంటి కారణాలే ఎక్కువ. ఇవన్నీ కంటితో చూసి, చేత్తో సరిచేయగలిగిన లోపాలు. పంపు విప్పిన ప్రతిసారీ గాలి తీసే స్క్రూ వదులు చేసి, బుడగలు లేకుండా ఆయిల్ కారే దాకా ఉంచాలి. అంతా కుదిరిందని తేలేదాకా మొదటి ట్యాంకు పెట్రోల్‌లో కొద్దిగా ఆయిల్ కలుపుకుంటే ముప్పు ఉండదు. కలిపి పోసే పద్ధతిలో మాత్రం బంకుకు వెళ్లిన ప్రతిసారీ మనిషి పొరబడే అవకాశం ఉంటుంది. ఆయిల్ పొయ్యడం ఒక్కసారి మరిచిపోయినా చాలు. ఏడాదికోసారి తనిఖీ చేసుకోవలసిన పంపుకన్నా, వారం వారం తప్పకుండా గుర్తుంచుకోవలసిన అలవాటే ఎక్కువ ప్రమాదం.

రేసు బండ్లన్నీ కలిపిన పెట్రోల్‌తోనే నడుస్తాయి కదా అన్నది రెండో అభ్యంతరం. దీనికి జవాబు యమహా దగ్గరే ఉంది. అమెరికాలో ఆ సంస్థ నాలుగు చక్రాల ఏటీవీలను రెండు రకాలుగా అమ్మింది. ఇసుక దిబ్బల మీద వేగంగా దూకించే బాన్షీకి ఆయిల్ కలిపి పోయాలి. సరదాగా తిప్పుకునే బ్లాస్టర్‌కు ఆయిల్ పంపు ఉంది. బాన్షీ ఇంజిన్‌కు మూలం ఆర్‌డీ 350 ఎల్‌సీ అనే రోడ్డు బైకు. ఆ బైకుకు ఆటోలూబ్ పంపు ఉండేది. అంటే రోడ్డు మీద పంపుతో నడిచిన ఇంజిన్‌నే, ఎప్పుడూ గరిష్ఠ వేగంతో నడిచే బండిలో పెట్టినప్పుడు పంపు లేకుండా చేశారన్న మాట. రేసులో యాక్సిలరేటర్ ఎక్కువసేపు పూర్తిగా తెరిచే ఉంటుంది కనుక ఒకే మోతాదు సరిపోతుంది. పైగా రేసు బండి ఇంజిన్‌ను తరచూ విప్పి పిస్టన్ మారుస్తారు. బంకుకూ కాలేజీకీ మధ్య తిరిగే బండికి ఆ రెండూ వర్తించవు. ఏ పద్ధతి మంచిదో యంత్రం చేసే పనే నిర్ణయిస్తుంది.

ఇక అసలు చిక్కు ట్యూనింగ్‌లో ఉంది. భయం కొద్దీ ఒక మూత ఎక్కువే పోద్దామనుకునేవారు మరిచేది ఏమిటంటే, పెట్రోల్‌ను కొలిచి వదిలే కార్బొరేటర్ జెట్ రంధ్రం మారదు. పంపు ఉన్న బండిలో జెట్ గుండా ఒట్టి పెట్రోలే వస్తుంది, ఆయిల్ దాన్ని దాటాక కలుస్తుంది. పంపు తీసేసి లీటరుకు 40 మిల్లీలీటర్లు కలిపితే అదే జెట్ గుండా వచ్చే ద్రవంలో పెట్రోల్ వాటా దాదాపు 4 శాతం తగ్గుతుంది. ఆయిల్ వల్ల ద్రవం చిక్కబడి ప్రవాహం ఇంకాస్త మందగిస్తుంది. గాలి ఎక్కువై, పెట్రోల్ తక్కువై మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కుతుంది. రక్షణ కోసం పోసిన ఆయిలే ఇంజిన్‌ను వేడెక్కించే దారి ఇది. పైగా ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కనుక అదే గాలికి ఈ ఇంధనం సుమారు 7 శాతం ఎక్కువ కావాలి. ఈ రెండు మార్పులూ మిశ్రమాన్ని ఒకే వైపు నెడతాయి. 1980ల నాటి జెట్‌తో ఈ పెట్రోల్‌ను, ఆయిల్ కలిపి మరీ తాగించి, ఆపై గాలి ఎక్కువ పీల్చే ఫిల్టరూ, మోత పెట్టే సైలెన్సరూ బిగిస్తే పిస్టన్ పట్టేయక ఏం చేస్తుంది? రుతువుల ప్రభావం కూడా ఉంది. మే నెల ఎండలో గాలి పలచబడి మిశ్రమం కొంత చిక్కనవుతుంది. అప్పుడు సరిగ్గా కుదిరిన ట్యూనింగ్ జనవరి తెల్లవారుజామున పలచనవుతుంది. అందుకే మెయిన్ జెట్‌ను ఒక మెట్టు పెద్దదిగా మార్చి, ఫుల్ యాక్సిలరేటర్‌తో నడిపాక ప్లగ్ రంగు చూసుకోవాలి. తెల్లగా ఉంటే ప్రమాదం, లేత గోధుమ రంగులో ఉంటే క్షేమం.

పొగ వస్తేనే ఇంజిన్‌కు ఆయిల్ అందుతున్నట్టు అన్న నమ్మకాన్ని కూడా వదులుకోవాలి. దక్షిణాసియా నగరాల్లోని టూ స్ట్రోక్ వాహనాలపై ప్రపంచ బ్యాంకు 2000లో ప్రచురించిన నివేదిక ఇదే విషయాన్ని ఎత్తి చూపింది. తయారీదారులు ద్విచక్ర వాహనాలకు 2 శాతం, ఆటోలకు 3 శాతం చాలంటుంటే, డ్రైవర్లు అంతకు మించి, అదీ చవకరకం ఆయిల్ పోస్తున్నారనీ, దానివల్ల పొగ పెరుగుతోందనీ చెప్పింది. ఢిల్లీలో 1998 చివర విడి ఆయిల్ అమ్మకాన్ని ఆపి, బంకులోనే కొలిచి కలిపిన పెట్రోల్‌ను తప్పనిసరి చేశారు. ఆ మరుసటి ఏడాది తక్కువ పొగ వచ్చే 2టీ ఆయిల్‌ను నిర్బంధం చేశారు. ప్రభుత్వం కలిపిన పెట్రోల్‌నే ఎంచుకుంది కదా అనవచ్చు. అప్పటి బండ్లలో చాలావాటికి పంపు లేదు. పంపు చేయాల్సిన కొలత పనిని బంకు యంత్రానికి అప్పగించారు, అంతే. 2019లో మొదలైన జాతీయ వాయు శుద్ధి కార్యక్రమం కింద గాలిని మెరుగుపరచాల్సిన నగరాల జాబితాలో విజయవాడ కూడా ఉంది. కొండల మధ్య ఒదిగిన ఈ ఊళ్లో వెనకాల వచ్చేవాళ్ల ఊపిరి కూడా మన బాధ్యతే.

కలిపి పొయ్యడం తప్పని చోటు లేకపోలేదు. డెల్టా పొలాల్లో వరికీ, మినుముకూ మందు కొట్టే పవర్ స్ప్రేయర్లలో చాలావాటిది చిన్న టూ స్ట్రోక్ ఇంజినే. వీపున మోసే యంత్రానికి పంపు బరువు దండగ. అది దాదాపు ఒకే వేగంతో నడుస్తుంది కనుక ఒకే మోతాదు సరిపోతుంది. అయితే ఆ మోతాదు కంపెనీ పుస్తకంలో ఉన్నదే అయి ఉండాలి. కంటి అంచనాతో కాకుండా గీతలున్న సీసాతో కొలవాలి. ట్యాంకులో కాకుండా వేరే డబ్బాలో కలిపి, బాగా కుదిపి పోయాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, పంట ముగిశాక మిగిలిన మిశ్రమాన్ని వచ్చే పంట కాలం దాకా ట్యాంకులో ఉంచకూడదు.

కాబట్టి పాత బండిని ప్రేమించేవారు పంపును పీకేసే ముందు దాన్ని బాగుచేయించాలి. కొత్త గొట్టాలు, సరైన కేబుల్, గాలి లేని పంపు, తక్కువ పొగ వచ్చే ఎఫ్‌సి లేదా ఎఫ్‌డి గ్రేడు 2టీ ఆయిల్, ఇప్పటి పెట్రోల్‌కు తగిన జెట్, వీటికయ్యే ఖర్చు ఒక్కసారి బోరు చేయించే ఖర్చుకన్నా తక్కువే. పంపు దొరకని బండికి కలిపే పోయండి, కానీ కొలిచి పోయండి, పోసిన కొలతకు తగ్గట్టు జెట్ మార్చండి. ఆయిల్ ఒక మెకానిక్, కార్బొరేటర్ ఇంకో మెకానిక్ చూసుకునే వేర్వేరు విషయాలు కావు. ఒకదాన్ని ముట్టుకున్న చెయ్యి రెండోదాన్నీ సరిచేసి తీరాలి.